షుగరు ఉన్నవారికి విటమిన్ మాత్రలు, పౌడర్లు – అవసరం ఎంత?



ఈమధ్య ఓపీకి వచ్చే షుగరు పేషెంట్ల సంచుల్లో మన మందులతోపాటు మరో సీసా కూడా కనిపిస్తోంది. ఎయిర్‌పోర్టు మనకు దగ్గరే కదా! అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చే పిల్లలు దాల్చినచెక్క క్యాప్సూల్స్, క్రోమియం మాత్రలు ప్రేమతో తెస్తున్నారు. ఇక్కడ శంషాబాద్‌లోనూ తెలిసినవాళ్లే ఇంటికి వచ్చి పౌడర్ డబ్బాలు అమ్ముతున్నారు.

ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. తొమ్మిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. కొడుకు క్యాప్సూల్స్ తెచ్చాక మన మాత్రలు మానేశారు. "గోళీలతోని కిడ్నీలు ఖరాబైతయంట సిస్టర్, ఇవి చెట్ల మందులు" అన్నారు. మూడు నెలలకు పాదాలు తిమ్మిర్లెక్కుతున్నాయని వచ్చారు. పరగడుపు షుగరు 286. బి12 విటమిన్ కూడా బాగా తక్కువ. ఆమెకు నిజంగా కావలసింది బి12. ఆ సీసాలో ఉన్నది అది కాదు.

మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచేయదు. అదుపులో లేని షుగరే పాడుచేస్తుంది. కిడ్నీలు అప్పటికే దెబ్బతిని ఉంటే మాత్రం డాక్టరుగారు మోతాదు తగ్గిస్తారు లేదా మాన్పిస్తారు. అయితే ఈ మాత్ర ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి బి12 తగ్గుతుంది. శాకాహారులకు, గ్యాస్ మాత్రలు చాలాకాలంగా వాడేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. తిమ్మిర్లు, నీరసం, రక్తహీనత కనిపిస్తే "షుగరు వల్లేలే" అని ఊరుకోకండి. పరీక్ష చేయించుకోండి. లోపం ఉంటే బి12 మాత్రలు గానీ ఇంజెక్షన్లు గానీ ఇస్తారు.

లోపం లేనివారికి విటమిన్లు, క్రోమియం, దాల్చినచెక్క షుగరు తగ్గిస్తాయనడానికి తగిన రుజువు లేదని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది.

మరి మెంతులో? మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారు వాటిపై పరిశోధన చేసి, షుగరు తగ్గినట్టు 1990లో ప్రచురించారు. మెంతుల్లోని జిగురు పీచు, తిన్న అన్నంలోని చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరేలా చేస్తుంది. కానీ ఆ పరిశోధన కొద్దిమందిపై, ఎక్కువ మోతాదుతో, కొద్దిరోజులే జరిగింది. కాబట్టి మెంతికూర పప్పు, నానబెట్టిన మెంతులు ఆహారంగా తినండి, మాత్రకు బదులుగా కాదు. రక్తం పలచబడే మందులు వాడేవారు ముందుగా డాక్టరును అడగాలి.

"షుగరు పూర్తిగా నయం" అని మందుకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఇలాంటి సప్లిమెంట్ల డబ్బాపై "వైద్యానికి కాదు" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. పిల్లలచేత చదివించుకోండి.

గుర్తుంచుకోవలసినవి:

1. డాక్టరు చెప్పకుండా షుగరు మాత్ర, ఇన్సులిన్ మానవద్దు.
2. కిడ్నీ జబ్బు ఉంటే అడగకుండా ప్రొటీన్ పౌడర్ తాగవద్దు.
3. మూడు నెలల సగటు షుగరు పరీక్ష, ఏటా కిడ్నీ పరీక్ష చేయించుకోండి.
4. డబ్బా కొనే డబ్బుతో ఆకుకూరలు, పప్పు, గుడ్లు కొనుక్కోండి. అన్నం తగ్గించి కూర పెంచండి.

ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న సీసాలన్నీ సంచిలో వేసుకుని రండి. మేము కోప్పడం. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో కలిసి చూద్దాం.

– నర్సింగ్ సూపరింటెండెంట్