వేగంలో తాబేలు... వేగులో డేగ!

1942 ఏప్రిల్ 4. సిలోన్‌కు దక్షిణంగా కొన్ని వందల మైళ్ల దూరంలో, హిందూ మహాసముద్రం మీద ఒంటరిగా ఎగురుతోందో విమానం. తెల్లవారకముందే కొగ్గల సరస్సులోంచి లేచింది. పొద్దు వాలుతోంది. గస్తీ అయిపోవచ్చింది, ఇక వెనక్కి తిరగడమే. అంతలో దక్షిణాన, ఆకాశం సముద్రంతో కలిసేచోట ఏవో నల్లటి చుక్కలు కనిపించాయి. దగ్గరికెళ్లి చూద్దామనుకున్నాడు కెనడా వాయుసేనకు చెందిన స్క్వాడ్రన్ లీడర్ లెనార్డ్ బర్చల్. అతను సిలోన్‌లో దిగి అప్పటికి రెండు రోజులే!

దగ్గరికెళ్లేకొద్దీ చుక్కలు ఓడలయ్యాయి. ఒకటా రెండా... ఐదు విమాన వాహక నౌకలు, వాటి చుట్టూ యుద్ధనౌకలు. నాలుగు నెలల కిందట పెర్ల్ హార్బర్‌ని కాల్చి బూడిద చేసిన అడ్మిరల్ నగుమో దళమది. వైర్‌లెస్ ఆపరేటర్ సందేశం పంపడం మొదలెట్టాడు. ఈలోపే జపాన్ 'జీరో' ఫైటర్లు వచ్చి మీద పడ్డాయి. విమానం మంటలతో సముద్రంలో పడింది. తొమ్మిది మంది సిబ్బందిలో ముగ్గురు చనిపోయారు. మిగిలిన ఆరుగుర్నీ జపాన్‌వాళ్లు నీళ్లలోంచి లాగి బందీలుగా పట్టుకున్నారు. 'సందేశం పంపారా, లేదా?' అని ప్రశ్నల మీద ప్రశ్నలు. లేదంటే లేదన్నాడు బర్చల్. సరిగ్గా అప్పుడే, 'ఆ సందేశం మళ్లీ పంపండి' అని కొలంబో నుంచి అడగడం జపాన్ రేడియోలో వినపడింది. ఇక దెబ్బలకు లెక్కలేదు.

మర్నాడు ఈస్టర్ ఆదివారం. కొలంబో మీద బాంబులు పడ్డాయి. అయితే ఆపాటికే చాలా ఓడలు రేవు వదిలి వెళ్లిపోయాయి. బర్చల్‌కి 'సిలోన్ రక్షకుడు' అన్న పేరు అలా వచ్చింది. నిజానికి జపాన్ దాడికి వస్తోందని బ్రిటిష్ నేవీకి అంతకుముందే ఉప్పందింది. కానీ ఎప్పుడు, ఎటువైపు నుంచి అన్నది మాత్రం ఆ విమానమే చెప్పింది. దాని పేరు క్యాటలీనా.

సగం ఓడ... సగం విమానం

అమెరికాలో కన్సాలిడేటెడ్ అనే కంపెనీ కోసం ఐజాక్ లాడన్ అనే ఇంజినీరు దీన్ని రూపొందించాడు. 1935 మార్చి 28న తొలిసారి ఎగిరింది. పొట్ట అచ్చం పడవలా ఉంటుంది. దాని మీద ఒక స్తంభం, ఆ స్తంభం మీద గొడుగు పట్టినట్టు 104 అడుగుల రెక్క. ఇంజిన్లు రెండూ ఆ రెక్క మీదే... నీళ్లు ఎగజిమ్మినా అంత తేలిగ్గా తగలవన్నమాట. నీటిమీద ఒరిగిపోకుండా రెక్కల చివర తేలే బుడ్డీలుంటాయి. గాల్లోకి లేవగానే అవి మడుచుకుని రెక్కలో భాగమైపోతాయి! వెనక రెండువైపులా బుడగల్లాంటి గాజు కిటికీలు. అక్కడ కూచుని గంటల తరబడి సముద్రాన్ని గాలించడమే ఒకరిద్దరి ఉద్యోగం.

వేగం? ఆ మాట అడక్కూడదు. మామూలుగా గంటకు 200 కిలోమీటర్లు. ఫైటర్ కంటపడితే పారిపోవడం కల్ల. కానీ ఒకసారి లేచిందంటే పగలూ రాత్రీ ఎగురుతూనే ఉంటుంది. అందుకే లోపల పడుకోవడానికి మంచాలు, వేడి చేసుకోవడానికి చిన్న పొయ్యి కూడా పెట్టారు. అమెరికన్లు పీబీవై అని ముక్తసరిగా పిలిస్తే, కాలిఫోర్నియా దగ్గరున్న ఒక దీవి పేరు మీద క్యాటలీనా అని ముద్దుపేరు పెట్టింది బ్రిటిష్‌వాళ్లు. యుద్ధం ముగిసేసరికి మూడు వేలకు పైగా తయారయ్యాయి.

అప్పటికే దీనికో ఘనకార్యం ఉంది. జర్మనీ యుద్ధనౌక బిస్మార్క్ 1941 మేలో బ్రిటన్‌వాళ్ల 'హుడ్'ని ముంచేసి, అట్లాంటిక్‌లో మాయమైపోయింది. నేవీ మొత్తం వెతుకుతోంది. 26వ తేదీ ఉదయం మేఘాల సందులోంచి దాన్ని పట్టుకుంది ఒక క్యాటలీనాయే. పైలట్ డెనిస్ బ్రిగ్స్ పక్కన కూచున్నది లెనార్డ్ స్మిత్ అనే అమెరికన్. అప్పటికి అమెరికా యుద్ధంలోనే లేదు మరి! ఆ మర్నాడు బిస్మార్క్ మునిగింది. చివరి టార్పెడోలు వేసిన 'డార్సెట్‌షైర్' క్రూయిజర్ని, ఏడాది తిరక్కుండానే, బర్చల్ చూసిన ఆ నగుమో విమానాలే సిలోన్ దగ్గర ముంచేశాయి.

మన తీరంలో...

కొలంబో మీద దాడి జరిగిన మర్నాడే, అంటే ఏప్రిల్ 6న, విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. అవి నగుమోవి కావు. బంగాళాఖాతంలో వేరే తిరుగుతున్న ఒజావా దళంలోని ర్యూజో నౌక విమానాలవి. ఆ దళం దెబ్బకు ఇరవై దాకా సరుకు ఓడలు మునిగాయి. అదే ఏడాది మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ చెరువులో బ్రిటిష్ వాయుసేన క్యాటలీనాల దళాన్ని దించింది. నగరానికి మంచినీళ్లిచ్చే చెరువే విమానాశ్రయమైపోయింది! యుద్ధం చివరిదాకా బంగాళాఖాతం గస్తీకి అక్కణ్నుంచి లేచేవి.

1943 జులై నుంచి రెండేళ్లు ఆస్ట్రేలియాలోని పెర్త్‌కీ కొగ్గలకీ క్యాటలీనాల్లో టపా నడిపింది క్వాంటాస్ సంస్థ. రేడియో పలకకూడదు. నక్షత్రాలే దిక్కు. ప్రయాణం ఒక్కోసారి ముప్పై గంటలు దాటేది. పెట్రోలు బరువు పోను ముగ్గురు ప్రయాణికులకు మించి చోటుండేది కాదు. ఒకే ప్రయాణంలో రెండు సూర్యోదయాలు చూసినందుకు వాళ్ల చేతికో సర్టిఫికెట్ కూడా ఇచ్చేవారు.

చూడటం ఒక్కటే కాదు, కాపాడటమూ దీని పనే. 1945 జులై 30న అమెరికా నౌక ఇండియానాపొలిస్‌ని జపాన్ జలాంతర్గామి ముంచేసింది. ఓడలో ఉన్నవాళ్లు దాదాపు 1,200 మంది. తొమ్మిది వందల మంది దాకా నీళ్లలో పడ్డారు. ఎవరికీ కబురు లేదు. దాహం, ఎండ, సొరచేపలు... నాలుగో రోజు వేరే విమానం ఒకటి అనుకోకుండా వాళ్లను చూసింది. వెతుక్కుంటూ వచ్చిన క్యాటలీనా పైలట్ ఏడ్రియన్ మార్క్స్. నడిసముద్రంలో దిగొద్దని ఆజ్ఞ. కింద పన్నెండడుగుల అలలు. కళ్లముందే సొరచేపలు మనుషుల్ని లాక్కుపోతున్నాయి. దించేశాడు!

దిగిన దెబ్బకు అడుగు రేకుల రివెట్లు ఊడాయి. విడిగా కొట్టుకుపోతున్నవాళ్లను ఒక్కొక్కర్నే లోపలికి లాగారు. లోపల చోటు అయిపోతే రెక్కల మీదకెక్కించి పారాచూట్ తాళ్లతో కట్టారు. మొత్తం 56 మంది. చీకటి పడ్డాక ఓడలు వచ్చేదాకా అలాగే తేలుతూ ఉండిపోయారు. ఇండియానాపొలిస్‌లో చివరికి బతికింది 316 మంది.

ఆ క్యాటలీనా మళ్లీ లేవలేదు. మనుషులందర్నీ ఓడ ఎక్కించాక, అమెరికా నేవీయే దాన్ని ఫిరంగులతో కొట్టి సముద్రంలో ముంచేసింది.