పెద్దవారిలో వెన్నెముక పక్కవంపు – చిన్న కోత శస్త్రచికిత్స

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• పెద్దవారిలో స్కోలియోసిస్ ఎలా వస్తుందో వివరించగలుగుతారు;
• చిన్న కోత శస్త్రచికిత్స జరిగే తీరును చెప్పగలుగుతారు;
• అది ఎవరికి సరిపోతుందో, ఎవరికి సరిపోదో గుర్తించగలుగుతారు.

1. ప్రస్తావన

ఉట్నూర్ దగ్గరి ఒక ఊరిలో పత్తి ఏరే 58 ఏళ్ల మహిళను ఊహించుకోండి. వంగి పత్తి ఏరుతున్నంతసేపు ఆమెకు కాళ్ల నొప్పి అంతగా తెలియదు. పని ముగించుకొని నిటారుగా నడిచి ఇంటికి వస్తుంటే మాత్రం పిరుదుల నుంచి పిక్కల దాకా లాగుతుంది. కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. ఎక్స్-రే తీస్తే నడుము దగ్గర వెన్నెముక పక్కకు వంగి ఉన్నట్టు తేలింది. "ఇప్పుడు చిన్న రంధ్రాలతోనే ఆపరేషన్ చేస్తున్నారు" అని ఎవరో చెప్పారు. ఆమె మీ తల్లి అయితే మీరు డాక్టరును ఏమి అడగాలి? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని చదవండి.

2. వంపు ఎందుకు వస్తుంది?

వెన్నెముక ముందుకు వంగితే గూని అంటాం. పక్కకు వంగి, దానితోపాటు కొంత మెలి తిరిగితే దాన్ని స్కోలియోసిస్ అంటారు. నిలబెట్టి తీసిన ఎక్స్-రేలో వంపుకు పైనా కిందా ఎక్కువగా వాలిన పూసల వెంట గీతలు గీసి, వాటి మధ్య కోణాన్ని కొలుస్తారు. ఇదే కాబ్ కోణం. ఇది 10 డిగ్రీలు లేదా అంతకు మించితే స్కోలియోసిస్ ఉన్నట్టు.

పెద్దవారిలో ఇది ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది, కౌమారంలో వచ్చిన వంపు వయసుతో పెరగడం. రెండోది, పూసల మధ్య ఉండే డిస్కులు, వెనుక ఉండే చిన్న కీళ్లు ఒక పక్క ఎక్కువగా అరిగి, నడి వయసు దాటాక కొత్తగా వంపు రావడం. అరిగిన చోట ఎముక పెరిగి, నరాలు వెళ్లే దారి ఇరుకవుతుంది. ముందుకు వంగితే ఆ దారి కొంత తెరుచుకుంటుంది. మన ఉదాహరణలోని మహిళకు వంగి పని చేసేటప్పుడు హాయిగా, నడిచేటప్పుడు బాధగా ఉండటానికి కారణం ఇదే.

వంపు ఉన్నవారందరికీ ఆపరేషన్ అక్కరలేదు. మొదట వ్యాయామం, మందులు, అవసరమైతే ఇంజెక్షన్లు ప్రయత్నిస్తారు. కాళ్ల బలం తగ్గుతూ వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. మూత్రం, మలం మీద పట్టు తప్పితే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలి.

3. చిన్న కోత పద్ధతి

పాత పద్ధతిలో వీపు మధ్యన పొడవుగా కోసి, కండరాలను ఎముక నుంచి విడదీసి పని చేస్తారు. కొత్త పద్ధతిలో ఆ కండరాలను వీలైనంత కాపాడతారు. ఇందులో మూడు పనులు ఉంటాయి:

(అ) సన్నని గొట్టాన్ని కండరాల మధ్య నుంచి దించి, నరాన్ని నొక్కుతున్న ఎముకను తొలగించడం.
(ఆ) నడుము పక్క నుంచి చిన్న కోతతో వెళ్లి, అరిగిన డిస్కును తీసి, దాని స్థానంలో కేజ్ అనే దిమ్మను అమర్చడం. కుంగిన పక్క పైకి లేచి వంపు కొంత సరి అవుతుంది.
(ఇ) సి-ఆర్మ్ ఎక్స్-రే యంత్రంలో చూస్తూ, చర్మంపై చిన్న గాట్ల ద్వారా పూసలకు స్క్రూలు బిగించి, వాటిని కడ్డీలతో కలపడం.

రోగిని బట్టి వీటిలో ఒకటే చేయవచ్చు, మూడూ చేయవచ్చు.

4. ఎవరికి ఏది?

వంపు తక్కువగా ఉండి, నరం నొక్కుకుపోవడమే ప్రధాన బాధ అయితే (అ) ఒక్కటే చాలవచ్చు. నరం బాధతోపాటు పూసలు కదులుతుంటే లేదా వంపు పెరుగుతుంటే ఆ పూసలను అతికించవలసి ఉంటుంది. మనిషి నిటారుగా నిలవలేక ముందుకు ఒరిగిపోయి, వంపు గట్టిపడిపోయి ఉంటే చిన్న కోతలతో సరిచేయడం కష్టం. అలాంటివారికి పెద్ద శస్త్రచికిత్సే అవసరం కావచ్చు. అందువల్ల "కోత ఎంత?" అనే ప్రశ్న కన్నా ముందు "బాధ నరం నుంచా, వంపు నుంచా, ఒరిగిపోవడం నుంచా?" అని అడగాలి.

5. లాభాలు, పరిమితులు

రక్తస్రావం, కండరాల నష్టం తగ్గుతాయి. సాధారణంగా ఆసుపత్రిలో ఉండే రోజులూ తగ్గుతాయి. అయితే కోత చిన్నదైనంత మాత్రాన ఎముక త్వరగా అతకదు. దానికి నెలలు పడుతుంది. ఆ లోపు బరువులు ఎత్తడం, వంగి పని చేయడం డాక్టరు అనుమతి లేకుండా కూడదు. బీడీ, చుట్ట వంటివి తాగితే ఎముక అతకడం మందగిస్తుంది. ఎముకలు గుల్లబారిన వారిలో స్క్రూలు వదులు కావచ్చు కనుక ముందుగానే ఎముక సాంద్రత పరీక్ష చేయించడం మంచిది. పక్క నుంచి చేసినప్పుడు కొందరికి తొడలో తిమ్మిరి, బలహీనత వస్తాయి. చాలామందిలో అవి క్రమంగా తగ్గుతాయి.

6. ఉట్నూర్ నుంచి చూస్తే

ఇంద్రవెల్లి, గుడిహత్నూర్ మీదుగా ఆదిలాబాద్ వెళ్తే అక్కడ రిమ్స్ ఉంది. హైదరాబాదులోని నిమ్స్ ఎముకల ఆసుపత్రిగానే మొదలైంది. ఏ ఆసుపత్రికి వెళ్లినా, వెన్నెముక నిపుణులు, అత్యవసర చికిత్సా విభాగం ఉన్నాయో లేదో కనుక్కోండి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. మీకు సూచించిన ఆపరేషన్ ఆ పథకం కిందికి వస్తుందో రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. తర్వాతి పరీక్షలకు ఎన్నిసార్లు రావాలో, పత్తి ఏరే కాలంలో ఇంటి పని, చేను పని ఎవరు చూస్తారో కూడా ఆపరేషన్‌కు ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

7. సారాంశం

పెద్దవారిలో స్కోలియోసిస్‌కు ముఖ్య కారణం డిస్కులు, కీళ్లు ఒక పక్క అరగడం. చిన్న కోత పద్ధతి కండరాలను కాపాడుతుంది, కానీ అన్ని వంపులకూ సరిపోదు. బాధకు మూలం తేలిన తర్వాతే పద్ధతిని ఎంచుకోవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. కాబ్ కోణాన్ని ఎలా కొలుస్తారు?
2. ఉదాహరణలోని మహిళకు వంగినప్పుడు కాళ్ల బాధ ఎందుకు తగ్గుతుంది?
3. కోత చిన్నదైనా విశ్రాంతి నెలల తరబడి ఎందుకు అవసరం?