విప్పే ముందు... వినండి!

పాత కారు ఇంజిన్ మోత పెట్టిందంటే చాలు, గుండె గుభేలుమంటుంది. కానీ ప్రతి మోతా పెద్ద రోగం కాదు. చిన్నగా వినిపించే ప్రతి చప్పుడూ చిన్నదీ కాదు. తేడా తెలుసుకునే దారి ఉంది!

కీ తిప్పగానే టకటక. కదిలితే గలగల. ఎత్తు ఎక్కుతుంటే చిటచిట. ఆపే ముందు దడదడ. పాత కారున్న ఇంట్లో ఏదో ఒక రోజు ఈ పాట మొదలవుతుంది. బానెట్ ఎత్తి చూస్తే అన్నీ ఉన్నచోటే ఉన్నట్టుంటాయి. చుట్టూ చేరిన నలుగురూ నాలుగు మాటలంటారు. ‘టాపెట్లండీ’ అని ఒకరు. ‘బోరు అయిపోయింది’ అని ఇంకొకరు. ‘ఇంజిన్ దించాల్సిందే’ అని మూడో ఆయన తేల్చేస్తే, ‘కాస్త చిక్కటి ఆయిలు పోయించండి, అదే పోతుంది’ అని నాలుగో ఆయన ధైర్యం చెబుతాడు.

ఎవరి మాట గుడ్డిగా విన్నా చిక్కే. వదులైన రేకుముక్క కోసం ఇంజిన్ విప్పిస్తే డబ్బు దండగ. నిజంగానే లోపల బేరింగు అరిగినప్పుడు చిక్కటి ఆయిలుతో దాని నోరు నొక్కేస్తే అంతకంటే పెద్ద దండగ.

ఊరికి అదే అంబులెన్సు

అనకాపల్లి జిల్లా రోలుగుంట లాంటి చోట ఈ లెక్క మరీ ముఖ్యం. ఇటు నర్సీపట్నం, అటు కొత్తకోట, ఆపైన ఏజెన్సీ కొండలు. పాత మారుతీ 800 కానీ ఓమ్నీ కానీ ఉన్న ఇంటికి అది ఒట్టి కారు కాదు. పెళ్లికి అదే, సంతకి అదే, అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికీ అదే. విశాఖ కేజీహెచ్‌కి బయల్దేరిన బండి దారిలో ఆగిపోతే జరిగే నష్టం రూపాయల్లో తేలేది కాదు.

పైగా ఈ బండ్లు ఇప్పుడు కొత్తవి రావు. 1983 డిసెంబరులో మొదలైన మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అదే ఏడాది మే నెలలో అంబాసిడర్ కూడా ఆగిపోయింది. ఓమ్నీ 2019 దాకా వచ్చింది. ఇక ఉన్నవాటిని కాపాడుకోవడమే. దానికీ ఖర్చు పెరిగింది. 15 ఏళ్లు దాటిన సొంత కారు ఆర్సీ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5 వేల రూపాయలకు చేరింది. 20 ఏళ్లు దాటితే 10 వేలని 2025 ఆగస్టులో కేంద్రం ప్రకటించింది. ఇంత కట్టి ఉంచుకున్న బండికి అక్కర్లేని ఓవరాలింగ్ కూడా తోడైతే, ఆ డబ్బుకి ఇంకో పాత కారే వచ్చేస్తుంది!

మొదట ఎర్రదీపం

మోత వినగానే చెవి కంటే ముందు కళ్లకు పని చెప్పాలి. డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మ ఉన్న ఎర్రదీపం వెలుగుతోందా? వెలుగుతుంటే ఇంకో కిలోమీటరు కూడా వద్దు. అక్కడికక్కడే ఇంజిన్ ఆపేయాలి. ఆయిల్ ఒత్తిడి లేకుండా నడిస్తే ఇనుమూ ఇనుమూ రాసుకుని నిమిషాల్లో బేరింగులు పోతాయి.

దీపం వెలగకపోయినా డిప్‌స్టిక్ చూడాల్సిందే. బండి చదునైన నేల మీద పెట్టి, ఇంజిన్ ఆపి, ఆయిలు కిందకు దిగేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. కడ్డీ తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. చాలాసార్లు టకటకకి మందు అక్కడే దొరుకుతుంది. తగ్గిన మేరకు పోసి, ఎందుకు తగ్గిందో కనుక్కుంటే చాలు.

అసలు ఇంజినేనా?

‘ఇంజిన్ మోత’ అనుకున్నదాంట్లో కొంత ఇంజిన్‌ది కాదు. గోతుల రోడ్డు మీద, క్వారీ లారీల వెనక ఏళ్ల తరబడి తిరిగిన బండికి ముందు వదులయ్యేవి బయటి సామాన్లే. సైలెన్సర్ గొట్టం దగ్గర వేడి తగలకుండా పెట్టే పల్చటి రేకు తుప్పుపట్టి ఊగుతుంది. ఒక ఫలానా వేగంలో మాత్రమే గలగలమని, వేగం మారగానే ఆగిపోయే చప్పుడు ఎక్కువగా దీనిదే. సైలెన్సర్‌ని వేలాడదీసే రబ్బర్లు తెగినా, ఎయిర్ ఫిల్టర్ డబ్బా బోల్టు ఊడినా ఇదే గోల. ఇంజిన్ చల్లారాక చేత్తో కదిపి చూస్తే తెలిసిపోతుంది.

మారుతీ 800ది మూడు సిలిండర్ల ఇంజిన్. పుట్టుకతోనే దానికి కాస్త ఊగుడెక్కువ. ఆ ఊగుడు బాడీకి చేరకుండా ఆపేవి మౌంటింగ్ రబ్బర్లు. అవి నలిగిపోతే ఐడ్లింగ్‌లో బండంతా లొడలొడలాడుతుంది. రేస్ చేయగానే సర్దుకుంటుంది. రబ్బరు మారిస్తే పోయే జబ్బుకి హెడ్డు దించడమెందుకు?

క్లచ్ పెడల్ కూడా ఒక సాక్షే. బండి న్యూట్రల్‌లో ఉండగా పెడల్ తొక్కితే మోత ఆగిపోయిందంటే అనుమానం గేర్‌బాక్సు వైపు తిప్పాలి. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్ బేరింగు వైపు. ఇక ఫ్యాన్ బెల్టు తీసేసి ఒక్క అర నిమిషం ఇంజిన్ నడిపినప్పుడు చప్పుడు మాయమైతే దొంగ ఆల్టర్నేటరో, వాటర్ పంపో అన్నమాట. బెల్టు లేకుండా అంతకు మించి నడపకూడదు, ఇంజిన్ వేడెక్కిపోతుంది.

ఒకటికి రెండు... అదే కిటుకు

బయటివన్నీ తేలాక కూడా మోత మిగిలితే అప్పుడు లోపలి సంగతి. ఇక్కడ ఒక చిన్న లెక్క పెద్ద గుట్టు విప్పుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో కింది క్రాంక్ రెండుసార్లు తిరిగితే పైన క్యామ్ ఒక్కసారే తిరుగుతుంది. అంటే నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక్కో వాల్వు 400 సార్లే కొట్టుకుంటుంది. కాబట్టి ఇంజిన్ వేగంలో సగం వేగంతో, పైనుంచి, సన్నగా టిక్‌టిక్‌మంటే టాపెట్లని అనుమానించాలి. ఇంజిన్ వేగంతో సమానంగా, కిందనుంచి, బరువుగా టంగ్‌టంగ్‌మంటే కనెక్టింగ్ రాడ్ బేరింగుల మీద గురి పెట్టాలి.

సెకనుకి పదమూడు దెబ్బలు చెవికి ఎలా అందుతాయి? దానికీ ఉపాయం ఉంది. మెకానిక్ దగ్గరుండే టైమింగ్ లైటుని ఒక ప్లగ్గు వైరుకి తగిలిస్తే, డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత ఇంజిన్‌లో అది రెండు చుట్లకొకసారి మెరుస్తుంది. మెరుపుకి ఒక్క చప్పుడైతే పైన, రెండైతే కింద!

టాపెట్లయితే పెద్దగా భయపడక్కర్లేదు. ఫిల్లర్ గేజ్ పెట్టి, కంపెనీ చెప్పిన సందు ఉండేలా స్క్రూ సరిచేస్తే సరిపోతుంది. అలాగని చప్పుడు బొత్తిగా రాకూడదని మరీ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. కాస్త టిక్‌టిక్ ఉండటమే మేలు.

చలికి ఒకటి, వేడికి ఒకటి

ఎప్పుడొస్తుందన్నది ఇంకో ఆనవాలు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే డబడబమని, వేడెక్కాక తగ్గిపోతే అరిగిన పిస్టన్ బోరులో అటూ ఇటూ తగులుతోందని అర్థం. దాంతో ఇంకొన్నాళ్లు లాగవచ్చు. సైలెన్సర్ మొదట్లో గ్యాస్కెట్ లీకైనా చల్లగా ఉన్నప్పుడే టపటపమంటుంది. వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసుకోగానే ఆగుతుంది. రాడ్ బేరింగు దీనికి పూర్తిగా తిరుగుడు. వేడికి ఆయిలు పల్చబడేకొద్దీ దాని మోత పెరుగుతుంది. యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలినప్పుడు మరీ స్పష్టంగా వినిపిస్తుంది.

నర్సీపట్నం దాటి లంబసింగి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే, డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు వినిపిస్తే అది వేరే కథ. మంట అందకముందే పెట్రోలు ఆవిరి తనంతట తానే పేలడం. ‘నాకింగ్’ అంటారు. దీన్ని ఆపడానికే 1921లో అమెరికాలో పెట్రోలులో సీసం కలపడం కనిపెట్టారు. ఆ సీసం ఆరోగ్యానికి చేటని మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి దాన్ని పూర్తిగా ఆపేశారు. ఇప్పుడు కలుపుతున్న ఇథనాల్ ఆక్టేన్‌ని పెంచేదే. అందుకే ఈ మోత వస్తే పెట్రోలుని తిట్టేముందు ఇగ్నిషన్ టైమింగ్, ఇంజిన్ వేడి, లోపల పేరుకున్న మసి చూడాలి. గేరు తగ్గించి ఎక్కితే ఆగిపోతుందేమో గమనించాలి. ఇథనాల్‌తో పాత కార్లకున్న ఇబ్బంది వేరు. రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు త్వరగా పాడు కావచ్చు. వాటిని తరచూ చూసుకోవాలి.

స్క్రూడ్రైవర్ స్టెతస్కోపు

1816లో ఫ్రాన్సు వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. షెడ్డు మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనని ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవి ముందు ఎముకకి పెట్టుకున్నప్పుడు చేసేదీ అదే పని. గాలిలో కంటే ఇనుములో చప్పుడు సూటిగా ప్రయాణిస్తుంది. వాల్వు కవరు, సిలిండర్ పక్క, ఆయిల్ ఛాంబర్... ఇలా ఒక్కోచోటే వింటూ పోతే ఎక్కడ గట్టిగా ఉందో తెలుస్తుంది.

తర్వాత మెకానిక్ ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూస్తాడు. ఏ సిలిండర్ వైరు తీసినప్పుడు దెబ్బ తగ్గిందో, అరుగుదల ఆ సిలిండర్ రాడ్డుదో, పిస్టన్ పిన్నుదో అని తేలుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు. ఆ వైర్లలో వేల వోల్టులుంటాయి. ఇంజెక్షన్ ఇంజిన్లకైతే ఈ పద్ధతి పనికిరాదు. మండని పెట్రోలు సైలెన్సర్‌లోని కన్వర్టర్‌ని పాడుచేస్తుంది.

ఇంట్లో విన్నా సరే... హ్యాండ్‌బ్రేకు వేసి, న్యూట్రల్‌లో, ఆరుబయటే వినాలి. మూసిన షెడ్డులో ఇంజిన్ పొగ ప్రాణం తీస్తుంది. చీర కొంగు, చున్నీ, వదులు చొక్కా ఫ్యాను దగ్గరకు పోనివ్వకూడదు. ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందకు అసలు దూరకూడదు.

కొనేటప్పుడు చెయ్యి పెట్టండి

పాత కారు కొనేవారికీ ఇదే పాఠం. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉందంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చలి మోత దాచడానికేమో! ‘మళ్లీ పొద్దున్నే వస్తాం’ అనడంలో తప్పులేదు. అలా వచ్చి చల్లటి ఇంజిన్ చప్పుడు వినాలి. ఆ తర్వాత ఓ అరగంట నడిపి, వేడి ఇంజిన్ చప్పుడూ వినాలి. చిక్కటి ఆయిలు కిందనుంచి వచ్చే దెబ్బని కొన్నాళ్లు దాచగలదేమో కానీ, అరిగిన బేరింగుని పూడ్చలేదు.

మేస్త్రీకి ఏం చెప్పాలి?

‘మోతొస్తోంది, చూడు బాబూ’ అంటే సరిపోదు. డాక్టరుకి చెప్పినట్టు చెప్పాలి.

చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?

నిలబడి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా?

వేగంతో పాటు పెరుగుతోందా, ఒక వేగంలోనే ఉందా?

క్లచ్ తొక్కితే మారుతోందా?

ఆయిలు చివరిసారి ఎప్పుడు మార్చారు, ఏది పోశారు?

ఫోనులో రికార్డు చేసి ఉంచుకుంటే మరీ మంచిది. షెడ్డుకి వెళ్లేసరికి మోత నోరు మూసుకోవడం మామూలే కదా!

కొత్త కార్లలో చాలావాటికి ఈ బాధ కొంత తక్కువ. నాకింగ్‌ని పసిగట్టే సెన్సర్ ఇంజిన్‌కే ఉంటుంది, అదే విని టైమింగ్ సర్దుకుంటుంది. పాత బండికి ఆ చెవి లేదు. దాని యజమాని చెవే దిక్కు. టిక్‌టిక్ అయితే ఈ వారం చూపించుకోవచ్చు. గలగల అయితే వీలున్నప్పుడు రేకు బిగించుకోవచ్చు. కిందనుంచి బరువుగా, వేడెక్కేకొద్దీ పెరిగే టంగ్‌టంగ్ అయితే మాత్రం బండిని అక్కడే ఆపి, లాగించుకుని షెడ్డుకి చేర్చాలి. ఆ ఒక్కసారి మాత్రం ఇంజిన్ విప్పాల్సిందే!