ఘాట్‌లో ఆగిన స్పోర్ట్స్ కారుకు తాడే ముప్పు

కేశ్‌కాల్ (ఛత్తీస్‌గఢ్): రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి కాంకేర్ దాటిన తర్వాత కేశ్‌కాల్ ఘాట్ మీదుగా బస్తర్ పీఠభూమికి చేరుతుంది. పన్నెండు మలుపులకు పేరుపడ్డ ఈ కొండదారిలో ఒక్క లారీ మొరాయించినా ఇరువైపులా వాహనాలు బారులు తీరుతాయి. ఆగినది నేలకు నాలుగున్నర అంగుళాల ఎత్తున నడిచే స్పోర్ట్స్ కారైతే చిక్కు మరింత పెద్దది. దారి తెరిపించాలన్న తొందరలో ఎవరో ఒకరు తాడు తెస్తారు. లారీకి పనిచేసే ఆ ఉపాయం ఈ కారుకు పనికిరాదు.

అంత ఖరీదైన కారుకు బస్తర్‌లో ఏం పనని సందేహం కలగవచ్చు. చిత్రకోట్ జలపాతాన్ని చూడటానికి రాయ్‌పూర్ నుంచి వచ్చేవారికి ఇదే ప్రధాన మార్గం. భద్రాచలం, కొంట మీదుగా వచ్చే తెలుగువారికి జగదల్‌పూర్‌కు ముందే దర్భా ఘాట్ ఎదురవుతుంది.

అసలు ప్రమాదం బ్రేకుల్లో ఉంది. సాధారణంగా ఇంజన్ నడుస్తున్నంతసేపే బ్రేకులకు అదనపు బలం అందుతుంది. ఇంజన్ ఆగాక రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. ఆ స్థితిలో కాంకేర్ వైపు దిగుతుంటే వెనుక కారు ముందు బండిని ఢీకొనకుండా ఆపడం కష్టం. వాహనాన్ని లాగుతున్నప్పుడు వేగం గంటకు 24 కిలోమీటర్లు, రెండింటి మధ్య దూరం 5 మీటర్లు మించరాదని 1989 నాటి రహదారి నిబంధనలు నిర్దేశించాయి. వాటి స్థానంలో 2017లో కొత్త నిబంధనలు వచ్చాయి. వాలులో ఆ అయిదు మీటర్లు ఏపాటివో ఊహించుకోవచ్చు.

ఆటోమేటిక్ గేర్లున్న కార్లకు మరో చిక్కుంది. ఇంజన్ తిరిగితేనే గేర్‌బాక్సులో నూనె ప్రసరిస్తుంది. అది లేకుండా చక్రాలు దొర్లితే లోపలి భాగాలు అరిగిపోతాయి. నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే కారును ముందు భాగం ఎత్తి క్రేనుతో లాగినా నష్టమే.

కనుక చదునైన బల్ల గల ఫ్లాట్‌బెడ్ లారీయే శరణ్యం. అయితే లారీ రాగానే పని పూర్తయినట్లు కాదు. బల్ల ఏటవాలుగా దిగినప్పుడు దాని అంచుకు ముందుగా తగిలేది కారు ముక్కు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన వేగనిరోధకం ఎత్తే 10 సెంటీమీటర్లు. దాన్నే ఈ కార్లు బొటాబొటిగా దాటుతాయి. అందుకే చక్రాల కింద పొడవాటి చెక్క పలకలు పరచి వాలును తగ్గించాలి. బంపర్‌లోని చిన్న మూత తీసి, పనిముట్ల సంచిలోని ఇనుప కొక్కేన్ని మరలా బిగించి, దానికే వించ్ తీగ తగిలించాలి. కనిపించిన కడ్డీకల్లా తగిలిస్తే అది వంగుతుంది. తీగ నెమ్మదిగా చుట్టుకుంటుండగా ఒకరు నేలకు వంగి కారు అడుగును గమనిస్తుండాలి. బ్యాటరీ చచ్చిపోతే విద్యుత్ హ్యాండ్‌బ్రేకు విడవదు. ముందుగా మరో బ్యాటరీతో కరెంటు అందించవలసిందే. బల్ల మీదికి చేరాక పట్టీలను చక్రాలకే బిగించాలి.

లారీ వచ్చేవరకు కారులో కూర్చోవడం మంచిది కాదు. మలుపుకు ముందే హెచ్చరిక త్రికోణం పెట్టి, కొండవైపు నిలబడాలి. జాతీయ రహదారులపై సహాయానికి 1033 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కారు అడుగు నేలకు ఎంత ఎత్తున ఉందో, ఏ మలుపు వద్ద ఆగిందో ఆ ఫోన్‌లోనే చెప్పాలి. లేకుంటే వచ్చేది కొక్కెం క్రేనే కావచ్చు.