అక్కా, మీ జీతమెంత?

నాలుగు స్ట్రాబెర్రీలు జిప్ సంచిలో వేసి చేత్తో మెత్తగా పిసకాలి. గిన్నెలు తోమే లిక్విడ్ ఓ చెంచా, చిటికెడు ఉప్పు, కాసిని నీళ్లు కలిపి ఆ గుజ్జును వడకట్టాలి. ఎర్రటి రసం మీద, ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచిన ఆల్కహాల్‌ను గ్లాసు అంచు వెంబడి మెల్లగా జారవిడవాలి. కాసేపటికి రెండు పొరల మధ్య తెల్లటి పోగులు తేలతాయి. పుల్లకు చుట్టి పైకి తీయొచ్చు. అదే డీఎన్ఏ! సబ్బు కణాల పొరల్ని కరిగిస్తుంది, ఉప్పు డీఎన్ఏ పోగుల్ని దగ్గరికి చేరుస్తుంది, ఆల్కహాల్‌లో అవి కరగవు కాబట్టి బయటపడతాయి. స్ట్రాబెర్రీలే ఎందుకంటారా? మన కణాల్లో క్రోమోజోముల సెట్లు రెండే. స్ట్రాబెర్రీలో ఎనిమిది.

అమెరికాలో ఆడపిల్లల కోసం నడిచే సైన్సు శనివారాల్లో ఇలాంటి ప్రయోగాలు కొత్తేమీ కావు. బల్ల పక్కన నిలబడి చేయించేవాళ్లు చాలాసార్లు బడి టీచర్లు కారు. వారమంతా ల్యాబ్‌లోనో కంపెనీలోనో పనిచేసి, సెలవు రోజున పైసా తీసుకోకుండా వచ్చిన మహిళలు.

ఈ శనివారాల వెనుక ఓ లెక్క ఉంది. 1972లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరిన వాళ్లలో కొందరి వివరాలు తీసుకుని లూసీ సెల్స్ అనే సామాజిక శాస్త్రవేత్త పరిశీలించారు. హైస్కూల్లో నాలుగేళ్లూ గణితం చదివొచ్చిన అబ్బాయిలు 57 శాతం. అమ్మాయిలు 8 శాతం. అంటే కాలేజీ మెట్లెక్కకముందే చాలా కోర్సుల తలుపులు ఆడపిల్లలకు మూసుకుపోయాయన్నమాట. ఎవరూ వద్దనలేదు, గొళ్లెం పెట్టలేదు. పదిహేనేళ్ల వయసులో ‘లెక్కలెందుకులే’ అనుకున్నారంతే.

దాంతో శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లోని అధ్యాపకులు, శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు ‘మ్యాథ్ సైన్స్ నెట్‌వర్క్’ పేరుతో ఒక్కటయ్యారు. వాళ్లలో ఓక్లండ్‌లోని మిల్స్ కాలేజీ గణిత అధ్యాపకురాలు లెనోర్ బ్లమ్ ఒకరు. 1976లో అదే కాలేజీలో ‘ఎక్స్‌పాండింగ్ యువర్ హొరైజన్స్’ మొదటి సదస్సు జరిగింది. పేరు పెద్దదే కానీ పద్ధతి సులువు. ఒక్కరోజు కార్యక్రమం. ప్రసంగం కొంచెం, చేతులతో చేసే పని ఎక్కువ. ఆపైన ఉద్యోగినులతో ముఖాముఖి. ఆ నమూనా ఎన్నో ఊళ్లకు పాకింది.

మరి, ఒక్క పూట మాటలతో పిల్లల మనసు మారుతుందా? అనుమానం సహజమే. ఫ్రాన్స్‌లో దాన్ని పరీక్షించే చూశారు.

లోరియల్ ఫౌండేషన్ 2014లో అక్కడ ‘ఆడపిల్లల కోసం, సైన్సు కోసం’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. సైన్సు రంగంలో ఉన్న మహిళలు హైస్కూళ్లకు వెళ్లి ఒక గంట మాట్లాడతారు. పారిస్ ప్రాంతంలో 56 మంది ఇలా వెళ్లినప్పుడు, ఏ తరగతికి వెళ్లాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించి, వెళ్లిన తరగతులనూ వెళ్లనివాటినీ ఆర్థికవేత్తలు పోల్చారు. గంట సేపటి పరిచయమే పనిచేసింది. చదువులో ముందున్న పన్నెండో తరగతి అమ్మాయిలు, మగపిల్లలే ఎక్కువగా ఉండే గట్టి పోటీ కోర్సుల్లో, వెళ్లని తరగతుల అమ్మాయిలకన్నా ఎక్కువగా చేరారు.

అసలు సంగతి ఆ తర్వాత తేలింది. 56 మందిలో అందరి మాటా ఒకేలా పనిచేయలేదు. ‘ఈ రంగంలో ఆడవాళ్లు చాలా తక్కువ’ అని పదేపదే చెప్పినవాళ్ల కన్నా, ఈ ఉద్యోగాలు ఎలా ఉంటాయో కళ్లకు కట్టినవాళ్లే ఎక్కువ ప్రభావం చూపారు. మన మహిళా దినోత్సవ సభల నిర్వాహకులు ఈ ముక్క రాసిపెట్టుకోవాలి. ‘మీరు తక్కువమంది, పోరాడాలి, సాధించాలి’ అని దండకం చదివితే పిల్లకు వినిపించేది ‘అక్కడ నీకు చోటు లేదు’ అనే. అదే, రోజుకు ఎన్ని గంటల పని, పొరపాటు జరిగితే ఏమవుతుంది, జీతమెంత అని చెప్తే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

పని అప్పగిస్తే ఇంకా మంచిది. భారత్‌లో పుట్టిన ఏరోస్పేస్ ఇంజినీర్ తారా చ్‌క్లోవ్‌స్కీ స్థాపించిన సంస్థ నడిపే ‘టెక్నోవేషన్’ పోటీల్లో బాలికలు జట్లుగా ఏర్పడి, తమ వీధి సమస్యకు మొబైల్ యాప్ తయారుచేయాలి. వెన్నంటి ఉండేవాళ్లు స్వచ్ఛంద మెంటర్లు. ముంబయి ధారావి బాలికలు ఎంచుకున్న సమస్య కుళాయి దగ్గర గొడవ. నీళ్ల కోసం బిందెలతో నిలబడే పని లేకుండా, వంతు రాగానే ఫోన్‌కు కబురొచ్చే యాప్ రూపొందించారు.

తెలుగు నేల సంగతికొస్తే, ‘మా పిల్లలకు ఇదంతా ఎందుకండీ, వీధికో సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఉంది’ అంటారు. నిజమే. 2020-21 ఉన్నత విద్య సర్వే ప్రకారం దేశంలో సైన్సు కోర్సులు చదువుతున్న 57.2 లక్షల మందిలో అమ్మాయిలే 29.5 లక్షలు. కానీ పరిశోధన రంగంలో మహిళలు 2018 నాటికి 16.6 శాతమే. చదువు దాకా తెచ్చి వదిలేస్తున్నాం. పైగా ఆ చదువూ ఓ ఇరుకు సందులోనే: అమ్మాయి అంటే సీఎస్ఈ. ‘మెకానికల్ ఎందుకమ్మా, షాప్‌ఫ్లోర్‌లో మగాళ్ల మధ్య నిలబడతావా’ అనే మేనమామ ఇంటికొకడు ఉంటాడు.

ఆ మేనమామకు జవాబు ఎనభై ఏళ్ల కిందే దొరికింది. తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, చంకలో పసిబిడ్డ. తండ్రి పప్పు సుబ్బారావు మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఆచార్యులు. ఆయన ప్రోత్సాహంతో అక్కడే ఎలక్ట్రికల్ చదివారు. దేశపు తొలితరం మహిళా ఇంజినీర్లలో ఒకరయ్యారు. కలకత్తాలో ఉద్యోగం చేస్తూ విద్యుత్ సరఫరా లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్లు చేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్లారు.

లలిత లాంటి కథలు ఇంకా ఉన్నాయి. భౌతిక శాస్త్రవేత్త రోహిణీ గోడ్బోలే చదివిన పుణె బాలికల బడిలో ఏడో తరగతి దాకా సైన్సే లేదు, హోం సైన్సు తప్ప. అలాంటి అనుభవాలు మరుగున పడకూడదని శాస్త్రవేత్త రామ్ రామస్వామితో కలిసి ఆమె సంపాదకత్వం వహించిన ‘లీలావతీస్ డాటర్స్’లో వందమందికి దగ్గరగా భారతీయ మహిళా శాస్త్రవేత్తల కథలున్నాయి. 2008లో భారతీయ విజ్ఞాన అకాడమీ వేసింది. హైస్కూలు లైబ్రరీలు కొనిపెట్టాల్సిన పుస్తకం.

కేంద్ర సైన్స్, టెక్నాలజీ విభాగం ‘విజ్ఞాన్ జ్యోతి’ పథకం తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల బాలికలకు మహిళా శాస్త్రవేత్తలతో ముచ్చట్లు, ల్యాబ్ సందర్శనలు ఏర్పాటు చేస్తోంది. తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ కూడా ఉంది. అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు అదే. ఎందుకంటే, ఇంటర్‌లో ఏ గ్రూపు అన్నది మన ఇళ్లల్లో అమ్మాయి ఒక్కతే తేల్చే విషయం కాదు.

ప్రభుత్వ పథకం ప్రతి ఊరికీ రాదు. శనివారం ఐటీ కంపెనీలకు సెలవు, సర్కారు బడులు మాత్రం చాలావరకు నడుస్తాయి. ఫిబ్రవరి 11న వచ్చే అంతర్జాతీయ మహిళా, బాలికల సైన్సు దినోత్సవం దాకా ఆగక్కర్లేదు. మీరు ఇంజినీరో, ల్యాబ్ టెక్నీషియనో, ట్రాన్స్‌కో ఉద్యోగినో అయితే మీరు చదివిన జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరుకు ఫోన్ చేసి ఒక పీరియడ్ అడగండి. ప్రసంగం రాసుకోవద్దు. మీ పనిముట్టు ఒకటి తీసుకెళ్లి వాళ్ల చేతికివ్వండి. జీతం అడిగితే దాచకుండా చెప్పండి.