సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన జలాశ్వ

సోలాపూర్ పద్మశాలి వాడల్లో చాలామంది కొన్న మొదటి సాంచె (మరమగ్గం) మిల్లువాళ్లు వదిలించుకున్న పాతదే. అలాంటిదాన్ని కొనేవాడు పైరంగు చూసి మోసపోడు. ఇరుసు ఎంత అరిగింది, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, ఇంకెన్నేళ్లు ఆడుతుంది అని అడుగుతాడు. విశాఖపట్నంలో ఉండే ఐఎన్ఎస్ జలాశ్వ కథనూ ఆ కళ్లతోనే చూడాలి. అమెరికా నుంచి మన నౌకాదళం కొన్న మొదటి యుద్ధనౌక అది. 2007లో మన చేతికి వచ్చేనాటికే దానికి 36 ఏళ్లు.

సియాటిల్‌లోని లాక్‌హీడ్ నౌకానిర్మాణ కేంద్రంలో పుట్టింది. 1968లో నీళ్లలోకి దిగి, 1971 మార్చిలో ‘ట్రెంటన్’ పేరుతో కొలువులో చేరింది. అదే చోట తయారైన దాని అక్క ‘కొరొనాడో’ను 1980లో కమాండ్ నౌకగా మార్చారు. సైనికుల్ని మోయాల్సిన ఓడ అడ్మిరల్ కార్యాలయమైంది. మొదట పశ్చిమాసియాలోని అమెరికన్ దళానికి, తర్వాత పసిఫిక్‌లోని మూడో నౌకాదళానికి అక్కడినుంచే ఆదేశాలు వెళ్లాయి. చెల్లెలు మాత్రం మోసే పనిలోనే ఉండిపోయింది.

ఈ జాతి ఓడల గొప్పతనం కడుపులో ఉంది. వెనకభాగంలో దాదాపు 51 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న ఖాళీ. దాన్ని వెల్ డెక్ అంటారు. పెద్ద పెద్ద ట్యాంకుల్లోకి సముద్రపు నీటిని వదిలితే ఓడ వెనకభాగం కావాలనే కిందికి దిగుతుంది. తలుపు తెరవగానే నీళ్లు లోపలికి వస్తాయి, లోపలున్న చిన్న పడవలు తేలి, మనుషుల్నీ వాహనాల్నీ ఎక్కించుకుని నేరుగా ఒడ్డుకు పోతాయి. పని కాగానే ట్యాంకుల్లోని నీటిని తోడేస్తారు, ఓడ మళ్లీ పైకి లేస్తుంది. రేవు లేని తీరంలో, తుపాను రేవును విరగ్గొట్టిన చోట, ఇంతకన్నా పనికొచ్చే ఏర్పాటు నాకు కనిపించదు. పైన హెలికాప్టర్ల వేదిక ఉంటుంది. నడిపేది పాతకాలపు ఆవిరి: రెండు బాయిలర్లు, రెండు టర్బైన్లు.

1991 జనవరి 5న సోమాలియా రాజధాని మొగదిషు అంతర్యుద్ధంలో మండుతుంటే, అక్కడ చిక్కుకున్నవారిని తరలించడానికి ట్రెంటన్ మీదినుంచి రెండు హెలికాప్టర్లు చీకట్లోనే లేచాయి. మొగదిషులోని అమెరికా రాయబార కార్యాలయం ఓడకు దాదాపు 860 కిలోమీటర్లు. సోలాపూర్ నుంచి విశాఖకు సూటిగా గీత గీసినా అంత దూరం రాదు. గాల్లోనే ఇంధనం నింపుకుంటూ వెళ్లాయి. ఆ ఆపరేషన్ మొత్తం మీద ముప్ఫై దేశాలకు చెందిన 281 మంది బయటపడ్డారు.

2007 జనవరిలో ఓడ చేతులు మారింది, జూన్ 22న జలాశ్వ అయింది. ధర సుమారు 4.8 కోట్ల డాలర్లు. ఇంత పాతదాన్ని కొన్న తీరును 2008లో కాగ్ తప్పుపట్టింది. అది అడగాల్సిన ప్రశ్నే. ఎందుకంటే అదే ఏడాది ఫిబ్రవరిలో ఓడలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు లీకై ఐదుగురు సిబ్బంది చనిపోయారు. గాలి ఆడని చోట వ్యర్థాలు కుళ్లితే పుట్టే వాయువు ఇది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పట్టడం మానేస్తుంది, ప్రమాదం లేదనుకున్న మనిషి అక్కడే కూలిపోతాడు. పాత యంత్రాన్ని కొన్నవాడు దాని మూలమూలనూ కొత్తగా తెలుసుకోవాలి. ఆ పాఠానికి ఐదు ప్రాణాలు చాలా పెద్ద మూల్యం.

2020 మే నెలలో కోవిడ్‌తో విమానాలు ఆగిపోయినప్పుడు జలాశ్వ మాల్దీవుల్లోని మాలేకు వెళ్లింది. అక్కడ చిక్కుకున్న 698 మంది భారతీయుల్ని ఎక్కించుకుని మే 10న కొచ్చికి చేర్చింది. వారిలో 19 మంది గర్భిణులు. తర్వాత శ్రీలంకకు, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కు కూడా వెళ్లొచ్చింది. ‘సముద్ర సేతు’ పేరిట నాలుగు నౌకలు కలిసి 3,992 మందిని ఇళ్లకు చేర్చాయి.

అక్క కొరొనాడోను 2012లో విన్యాసాల్లో గురిపెట్టి పసిఫిక్‌లో ముంచేశారు. చెల్లెలు ఆ తర్వాత కూడా మన తూర్పు తీరంలో పనిచేస్తూ వచ్చింది. ఇలాంటివే నాలుగు కొత్త నౌకలు కట్టించుకోవాలన్న ఆలోచన మన నౌకాదళానికి ఏళ్లుగా ఉన్నా అది చాలాకాలం ముందుకు సాగలేదు. ఆ నౌకలు త్వరగా రావాలి. వెల్ డెక్ ఉన్న పెద్ద నౌక మనకు ఇదొక్కటే, దాని బాయిలర్ల వయసేమో యాభై దాటింది.