బిస్కట్లను కాల్చు సొరంగము

ఇంట రొట్టె కాల్చువారు పెనము చెంతనే నిలిచియుందురు. సెగ హెచ్చినచో మంట తగ్గింతురు. మాడునట్లు తోచినచో తిరుగవేయుదురు. బిస్కట్ల కర్మాగారమున ఈ వీలు లేదు. అచ్చటి పొయ్యి ఒక పొడవైన సొరంగము. 60 మీటర్లు, ఒక్కొక్కచోట 100 మీటర్లు కూడ ఉండుట కద్దు. ఉక్కుతీగలతో అల్లిన వెడల్పాటి బెల్టు దాని గుండ ఎడతెగక సాగుచుండును. ఒక కొసను పచ్చి పిండిబిళ్ళలు ఎక్కును. రెండవ కొసను కాలిన బిస్కట్లు దిగును.

ఇచ్చట కాలము దూరముగా మారినదని చెప్పవచ్చును. సొరంగము 60 మీటర్లును, బెల్టు వేగము నిమిషమునకు 10 మీటర్లును అయినచో, ప్రతి బిస్కట్టును సరిగా 6 నిమిషములు కాలును. 4 నిమిషములే చాలునన్నచో వేగమును 15 మీటర్లకు పెంచవలెను.

సెగయు అంతటను ఒక్కతీరుగ ఉండదు. మొదటి భాగమున ఆవిరిని కొంత నిలువనిత్తురు. లేనిచో పైపొర ముందే గట్టిపడి, సోడా విడిచిన వాయువుతో పిండి పొంగుటకు అడ్డుపడును. నడిమి భాగమున తేమ పోవును. రంగు వచ్చుట తుదిభాగముననే. చక్కెరలును మాంసకృత్తుల అంశములును వేడికి కలిసి ఆ బంగారువన్నెను, కమ్మని వాసనను పుట్టించును. ఈ రసాయనచర్యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కామిల్ మయ్యార్ 1912లో వివరించెను.

అసలు చిక్కు ఇచ్చటనే కలదు. నల్లబడిన బిస్కట్టు కొసను కనబడునప్పటికే దాని వెనుక 6 నిమిషముల సరకు లోపల నడచివచ్చుచుండును. ప్రసారమైపోయిన మాటవలె దానిని వెనుకకు పిలువలేము! సెగ తగ్గించిన ఫలితము వెంటనే తెలియదు. తొందరపడి మరల తగ్గించినచో తరువాతి సరకు పాలిపోయి వచ్చును. అనుభవము గల పనివాడు ఒకమారు సవరించి, వేచియుండును. కరెంటు పోయి బెల్టు నిలిచినచో లోపలి సరకంతయు మాడును, నిప్పంటుకొనవచ్చును. కావుననే బెల్టును కదల్చుటకు వేరొక యేర్పాటును సిద్ధముగ నుంచుదురు.

కంటికి కనబడని దోషము మరియొకటి కలదు. అంచులు బాగుగ ఎండి, నడుమ తేమ మిగిలిన బిస్కట్టు చూచుటకు చక్కగానే దిగును. చల్లారిన పిమ్మట అంచు గాలిలోని తేమను పీల్చి సాగును, నడుము ఎండి ముడుచుకొనును. ఈ పెనుగులాటలో వెండ్రుకవాసి పగులు పుట్టును, అదియు కొన్ని గంటలకో, మరునాటికో. పొట్లము విప్పి ముక్కలను చూచి మనము దుకాణదారుని నిందింతుము, పాపమతడేమి చేయును!

దీనికి మందు మా శ్రోతలకు వింతగ తోచవచ్చును. పొయ్యి దాటిన బిస్కట్లను కొన్ని కర్మాగారములలో 27.12 మెగాహెర్ట్జుల రేడియో తరంగముల నడుమ నడిపింతురు. ఆ తరంగములు పొడి అంచులను అంతగా తాకవు. తేమ యున్న నడుమనే వేడెక్కించి ఆరబెట్టును.